సొంత వాహనాలు: లేవు

నేను ఎకనామిక్స్‌లో ఎమ్మే చదివాను. ఆ చదువు పుణ్యమా అని అనంతపురంలో ఒక లారీ యజమానుల సంఘంలో పేర్లు పిలిచే ఉద్యోగం దొరికింది. నిజానికి పేర్లు కూడా కాదు, నంబర్లు. మా యార్డులో మనుషులకు పేర్లుండేవి కావు. లారీ నంబరులో చివరి రెండంకెలే మనిషి. "నలభై ఒకటికి కామెర్లంట", "పదహారన్న కొడుకు మళ్లీ టెన్త్ తప్పినాడంట" అని చెప్పుకునేవాళ్లు. పెళ్లిపత్రికల మీద అసలు పేర్లు చూసి, ఇదెవరి పెళ్లో తెలియక వెళ్లకుండా ఉండిపోయిన సందర్భాలు నాకున్నాయి.

ఈమధ్య మా వీధిలో లాజిస్టిక్స్ అనే కోర్సు చదివే పిల్లలు తయారయ్యారు. ఫోన్ మీద వేలు పెడితే లారీ వస్తుందని నాకు చూపించారు. మీ కాలంలో ఎలా ఉండేదని అడిగారు. ఎవరు గెలిచారో ముందే చెప్పేస్తాను, ఉత్కంఠ అక్కర్లేదు. పెద్ద కంపెనీలే గెలిచాయి. బెంగళూరు రోడ్డు మీద ఒక గంట నిలబడితే మీకే తెలుస్తుంది. మా యార్డు స్థలంలో ఇప్పుడు కల్యాణ మండపం ఉంది. నేను చెప్పేది అంతకుముందు, తొంభైల చివర్లో, వారం రోజుల పాటు జరిగిన ఒక సంగతి.

ముందు సీరియల్ అంటే ఏమిటో చెప్పాలి. సరుకు దించి ఖాళీగా వచ్చిన లారీని రిజిస్టరులో ఆఖరున రాస్తాం. పొద్దున ఎనిమిదింటికి నేను రేకుల షెడ్డు అరుగు మీద నిలబడి, ఆ రోజు లోడ్లు చదివి, పైనున్న నంబరు పిలుస్తాను. మూడుసార్లు. మూడో పిలుపుకూ పలకకపోతే వాడు ఆఖరుకు పోతాడు. అందుకని ఎవరూ యార్డు వదిలేవారు కాదు. స్నానాలు, క్షవరాలు, సంబంధాలు మాట్లాడుకోవడం, వియ్యంకుల తగాదాలు అన్నీ అక్కడే. ఇంకో నియమం కూడా ఉంది. ముందున్నవాడు ఒక పార్టీ లోడు వద్దని అడ్డం నిలబడితే, వాడితో తేలేదాకా వెనకవాళ్లు ఆ లోడు ముట్టకూడదు. దీన్ని ఎవరూ కాగితం మీద రాయలేదు. కాగితం మీద రాసిన నియమాలూ ఉండేవి, వాటిని ఎవరూ పాటించేవారు కాదు.

మా సభ్యుల్లో ఎక్కువమందికి ఒక్కో లారీ. తనే యజమాని, తనే డ్రైవరు. ఊళ్లో కొన్ని ఎకరాల ఎర్రనేల, వానొస్తే వేరుశనగ. చేను ముంచితే లారీ తేల్చాలి, లారీ ముంచితే చేను తేల్చాలి అనేది వాళ్ల ప్రణాళిక. రెండూ కూడబలుక్కుని ముంచిన సంవత్సరాలే ఎక్కువ.

ఈ స్థితిలో మా ఊరికి పెద్ద కంపెనీ వచ్చింది. హైవే పక్కన గాజు తలుపుల ఆఫీసు, ఏసీ, కంప్యూటరు. అనంతపురంలో చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాల్సిన మొదటి ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు అదే. దానికొక మేనేజరు, కోస్తా జిల్లా నుంచి వచ్చిన యువకుడు. మే నెలలో టై కట్టుకునేవాడు. ఆ ఒక్క కారణానికే అతని మీద నాకు గౌరవంతో కూడిన జాలి ఉండేది.

ఆ ఏడు విత్తన వేరుశనగను అనంతపురం గోడౌన్ నుంచి మండలాలకు చేర్చే పనికి టెండరు పిలిచారు. ఏటా ఆ పని మా లారీలే చేసేవి. ఈసారి దరఖాస్తు ఫారం ఇంగ్లీషులో ఉంది గనుక, ఎమ్మే చదివాను గనుక, నన్ను నింపమన్నారు. అందులో ఒక గడి: సొంత వాహనాల సంఖ్య.

నేను అరగంట ఆలోచించాను. సంఘానికి సొంతంగా ఉన్నవి ఒక బెంచీ, ఒక టెలిఫోను, తాళంచెవి పోయిన ఒక బీరువా. లారీలు సభ్యులవి, సంఘానివి కావు. చదువుకున్నవాడిని కదా, నిష్కర్షగా "లేవు" అని రాశాను.

కంపెనీ వాళ్లు నాలుగు వందలు అని రాశారట. అందులో ముప్పాతిక వంతు మావాళ్లలాంటి వాళ్లవే, కంపెనీ పేరు రంగుతో రాయించుకుని తిరిగేవని తర్వాత తెలిసింది. టెండరు కంపెనీకి పోయింది. న్యాయమే. వాహనాలు లేని లారీ సంఘానికి ఎవరు మాత్రం పని ఇస్తారు?

మా అధ్యక్షుడు ఆరు లారీల ఆసామి, ఖద్దరు చొక్కా, రెండు పార్టీలలోనూ పలుకుబడి. నన్ను పిలిపించారు.

"ఏమప్పా, లేవు అని రాసినావంట?"

"సంఘం పేరు మీద లేవు కదన్నా. నిజమే రాసినాను."

"నీకెవురు చెప్పినారు నిజం రాయమని? నేను చెప్పినానా?"

"లేదన్నా."

"మల్ల? నీ అంతట నువ్వే రాసేస్తివా?"

ఆ తర్వాత కొన్నాళ్లు యార్డులో ఎవరు ఏది అడిగినా "లేవు" అని జవాబు చెప్పుకుని నవ్వేవారు. బీడీలున్నాయా అంటే లేవు. చిల్లరుందా అంటే లేవు. నేనూ నవ్వేవాణ్ని. వేరే దారి, వాళ్ల మాటలోనే చెప్పాలంటే, లేవు.

అధ్యక్షుడు సర్వసభ్య సమావేశం పెట్టారు. ఆ కంపెనీ విత్తనం గింజ కూడా మన లారీ ఎక్కకూడదని తీర్మానం. ఏకగ్రీవం, చప్పట్లు. మే నెలలో విత్తనం ముట్టుకోబోమని ఒట్టు పెట్టుకోవడం చాలా తేలిక. ఆకాశంలో కాకి తప్ప ఏమీ లేదు.

జూన్ మొదట్లో వాన పడింది.

వాన రిజిస్టరులో మా జిల్లా నంబరు ఎప్పుడూ ఆఖరున ఉంటుంది. అలాంటిది ఆ ఏడు మొదటి పిలుపుకే వచ్చింది. ఒక సాయంత్రం మొదలై రెండు గంటలు ఏకధారగా కురిసింది. మా ఎర్రనేలల్లో అలాంటి వాన తర్వాత పదును మూడు నాలుగు రోజులుంటుంది. ఆ లోపల విత్తాలి. దాటితే వేసిన గింజ చీమలకు. ఈ సంగతి కంపెనీ కంప్యూటరుకు ఎవరూ చెప్పినట్టు లేదు. అందులో విత్తనం చేరవేతకు పదిహేను రోజుల పట్టిక ఉంది, రంగుల్లో.

మర్నాడు మండల ఆఫీసుల ముందు రైతులు గుంపులు కట్టారు. పైనుంచి మొట్టికాయలు పడేసరికి కంపెనీ తన పొడుగాటి బండ్లు బయటికి తీసింది. సిమెంటు కోసం తెచ్చిన బండ్లవి. వాటిలో ఒకటి శింగనమల చెరువు కట్ట మలుపులో అడ్డం తిరిగి, ముందుకూ వెనక్కూ రాక ఒక పూట నిలబడింది. రెండు వైపులా బస్సులు ఆగిపోయాయి. జనం దిగి, దాన్ని చుట్టూ తిరిగి చూసి, తలా ఒక సలహా ఇచ్చి వెళ్లారట.

రెండో రోజు పొద్దున ఎనిమిదింటికి మేనేజరు మా యార్డుకు వచ్చాడు. టై లేదు. షెడ్డులో చెప్పులు ఎక్కడ విడవాలా అని చూశాడు, అలవాటు.

"అరవై లారీలు కావాలండి. ఈ రోజే. లిస్టు తెచ్చాను."

నేను రిజిస్టరు చూశాను. ఆ రోజు ముందున్న నంబరు డెబ్బై మూడు.

డెబ్బై మూడన్న గురించి చెప్పాలి. యాభై దాటిన మనిషి, తనకల్లు అవతల ఊరు. తక్కువ మాట్లాడతాడు, మాట్లాడితే ఎదుటివాడు తక్కువ మాట్లాడతాడు. ఒకప్పుడు ఆరు లారీల అధ్యక్షుడు తన లారీని వరస తప్పించి ముందుకు తెస్తే, ఆ బండి కింద తువ్వాలు పరుచుకుని పడుకుని వెనక్కి పంపించిన ఘనత ఆయనది. తొమ్మిది రోజులు ఎదురు చూసి, ఆ రోజుకు వరసలో మొదటికొచ్చాడు.

"డెబ్బై మూడు" అని పిలిచాను.

"ఓ" అన్నాడు. "లోడు వద్దు. నేను అడ్డం."

అధ్యక్షుడు లేచి తీర్మానం గుర్తుచేశారు. ఇదే మన ఆయుధం, ఈ వారం గట్టిగా నిలబడితే కంపెనీ మూటాముల్లె సర్దుకుంటుంది అన్నారు. చప్పట్లు పడ్డాయి. కానీ మే నెల చప్పట్లు కావు. చప్పట్లు కొట్టినవాళ్లే ఒక్కొక్కరు నా పక్కకొచ్చి, గుసగుసగా, "మా మండలం లోడు లిస్టులో యాడుందో చూడప్పా, ఊరికే అడుగుతాండా" అన్నారు. నేను లెక్కపెట్టలేదు గాని, ఊరికే అడగనివాళ్లు ఎవరూ మిగిలినట్టు లేదు.

మేనేజరు డెబ్బై మూడన్న దగ్గరికి వెళ్లాడు. "మీకేం కావాలో చెప్పండి, మాట్లాడుకుందాం."

"సీరియల్."

"అంటే?"

"నీ బండ్లు నువ్వు తిప్పుకో. మా బండ్లు కావాలంటే ఈ రిజిస్టరు ప్రకారం తీసుకో. కొత్త బండి, పాత బండి అని ఏరుకునేది లేదు. ఈ ఒక్క లోడుకే గాదు, ఏడాదంతా."

"ఏడాదంటే హెడ్డాఫీసు వాళ్లు ఒప్పుకోవాలండి. ఈ లోడు వరకైతే నేనే ఒప్పుకుంటాను."

"అట్లయితే అడుగుపో. ఈడనే ఉంటా."

మేనేజరు ఫోన్ చేసుకోవడానికి గాజు ఆఫీసుకు వెళ్లాడు. మావాళ్లు మీటింగు కొనసాగించారు. బయట ఎండ చురుక్కుమంటోంది. ప్రతివాడూ మాట్లాడుతూ మధ్యమధ్యలో షెడ్డు బయటికి చూస్తున్నాడు. ఆ చూపు నాకు తెలుసు. నేల ఎంత ఆరిందా అని.

మధ్యాహ్నం సంఘం ఫోన్ మోగింది. నేనే ఎత్తాను.

"మా ఆయప్ప ఉండాడా?"

ఏ ఆయప్పో అడగాల్సిన పని లేకపోయింది. "మీటింగులో ఉన్నాడమ్మా" అన్నాను.

"మీటింగేందప్పా మీకు? ఈడ మన్ను పిడికిట పడితే ఇంగా ముద్ద అయితాంది. రేపటికి కాదు. మండలం ఆఫీసు కాడ పొద్దుటాల నుంచి నిలబడుకోని వచ్చినా. విత్తనం యాడ అంటే లారీల్లేవు అంటారు. లారీ పెట్టుకోని నా మొగుడు ఆడ, లారీ ల్యాక నేను ఈడ. చెప్పు ఆ మాట."

చెప్పాను. ఒక్క ముక్క మార్చకుండా. డెబ్బై మూడన్న విని, బీడీ వెలిగించుకున్నాడు.

సాయంత్రం మేనేజరు తిరిగొచ్చాడు. హెడ్డాఫీసు ఏడాది మాటకు నవ్విందట. ఈ లోడు వరకు సీరియల్ ప్రకారమే తీసుకుంటామని కాగితం తెచ్చాడు. డెబ్బై మూడన్న దాన్ని నా చేత రెండుసార్లు చదివించుకున్నాడు.

"సరే. రేపు పొద్దున లోడు ఎత్తండి."

అధ్యక్షుడు తల పట్టుకున్నారు. "పోయింది! చేతిలో ఉన్న ఆయుధం పారేస్తివి గదన్నా!"

"ఆయుధంతో విత్తుదామా అన్నా? గొర్రుకు కట్టి చూడు, సాలు పడతాదేమో."

అందరూ నవ్వారు. నవ్వులో ఎక్కువ భాగం ఊరట. ఏకగ్రీవ తీర్మానం ఏకగ్రీవంగానే రద్దయింది. మినిట్స్ పుస్తకంలో ఏం రాయాలో తెలియక, సభ్యులు పరిస్థితిని సమీక్షించారు అని రాశాను.

కంపెనీ కంప్యూటరు తీసిన లిస్టు రాత్రి నా చేతికొచ్చింది. మా పద్ధతి ప్రకారం లిస్టులో మొదటి ఊరు మొదటి లారీకి. గోడౌన్లో హమాలీలు కొద్దిమందే, ఆ వరసలోనే ఎత్తుతారు. మొదటి ఊరు విడపనకల్లు, కర్ణాటక సరిహద్దులో. తనకల్లు ఆఖరి నుంచి మూడోది, జిల్లాకు ఇంకో చివర. కంప్యూటరుకు ఎవరి మీదా కోపం లేదు, అదే దానితో చిక్కు.

ఆయన్ని పక్కకు పిలిచాను. టెండరు ఫారం విషయంలో నా నిజాయితీ ఎంత ప్రయోజనకరమో నాకు అప్పటికే తెలిసింది.

"అన్నా, లిస్టు కొంచెం అటూ ఇటూ తిప్పి చదువుతా. తనకల్లు నీకొస్తాది. ఎవురూ అడగరు."

ఆయన లిస్టు వంక చూశాడు. చాలాసేపే చూశాడు. ఆయన ఆశపడలేదని నేను చెప్పను.

"వద్దులేప్పా. ఈ పొద్దు నాకోసం తిప్పిన చెయ్యి రేపు ఆరు లారీలాయన కోసం తిరుగుతాది. అప్పుడు మల్ల నేను బండి కింద పండుకోవల్ల. వయసైపోయింది."

తెల్లవారి మొట్టమొదట లోడెత్తుకుని ఆయన విడపనకల్లు పోయాడు, ఎవరి చేలకో విత్తనం తీసుకుని. తనకల్లు లోడు మధ్యాహ్నం దాటాక మరో లారీలో పోయింది. సాయంత్రానికి అరవై లారీలూ వెళ్లిపోయాయి. పదిహేను రోజుల రంగుల పట్టిక ఒక పగటిలో ముగిసింది. సకాలంలో చేరవేసినందుకు కంపెనీకి ప్రశంసాపత్రం వచ్చిందని విన్నాను. గాజు ఆఫీసులో ఫ్రేము కట్టించి పెట్టారు. నేను చెప్పులు విడిచి వెళ్లి చూసి వచ్చాను.

నాలుగో రోజు ఎనిమిదింటికి యథాప్రకారం అరుగెక్కాను. మేనేజరు అప్పటికే వచ్చి కూర్చున్నాడు. ఒక్క పగటిలో అరవై ఊళ్లు చుట్టిన లారీలను చూసి కంపెనీకి ధైర్యం వచ్చినట్టుంది. సిమెంటు ఫ్యాక్టరీకి ఇరవై లారీలు పంపుతామని ఎక్కడో మాట ఇచ్చేశారు.

పిలిచాను. జిల్లా లోపలి లోడైతే లారీ తిరిగి రాకముందే, మర్నాటికి ఖాళీ అయినట్టు రాసుకోవడం మా లెక్క, కాబట్టి రిజిస్టరు నిండా నంబర్లున్నాయి. మొదటి నంబరు మూడుసార్లు. పలుకు లేదు. రెండో నంబరు. లేదు. ఆఖరిదాకా ఒక్కొక్కటి మూడేసిసార్లు పిలిచాను, ఉద్యోగధర్మం. గొంతు పోయింది. షెడ్డు వెనక ఒక కుక్క లేచి నిలబడి, తనను కాదని నిర్ధారించుకుని పడుకుంది.

మేనేజరు ఖాళీ యార్డు నాలుగు మూలలా చూశాడు. "ఏమిటండీ ఇది?"

"పిలిచాను సార్. పలకలేదు" అన్నాను.

ఐదో రోజు కూడా అంతే. అతను నా వైపు వంగాడు.

"సమ్మె చేస్తున్నారా?"

నేను రిజిస్టరు అతని ముందుకు తోశాను. అది అబద్ధం కాదు. అడిగినదానికి రికార్డు చూపించడం గుమాస్తా పని. పాపం, టీ తెప్పించాను. తాగుతూ అన్నాడు: "మా కంపెనీలో ఇద్దరు డ్రైవర్లు ఒక మాట మీద ఉండరండి. మీవాళ్లు ఇంత ఐకమత్యంగా ఎలా ఉన్నారండీ?"

"వానొస్తే ఉంటాం సార్."

అతను దాన్ని ఏదో లోతైన మాట అనుకున్నాడు. తల పంకించాడు. వందమంది తమ తమ చేలల్లో గొర్రు వెనకాల ఉన్నారని, అధ్యక్షుడితో సహా ఎవరికీ యార్డు జ్ఞాపకం కూడా లేదని చెప్పొచ్చు. ఎకనామిక్స్‌లో సమాచార లోపం అని ఒక పాఠం ఉంది. పరీక్షకు వదిలేశాను గాని, మంచి పాఠం.

ఆరో రోజు సాయంత్రం హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఈసారి నవ్వలేదు కాబోలు. ఏడాదిపాటు స్థానికంగా తీసుకునే ప్రతి లారీ మా రిజిస్టరు ప్రకారమే, ఏరుకోవడం ఉండదు, కింద ముద్ర. ఆ ఏడాది మాట నిలబెట్టుకున్నారు కూడా. తర్వాతి కథ మీకు ముందే చెప్పాను. అధ్యక్షుడు మర్నాడు ఊరి నుంచి దిగి, ఈ పోరాటానికి తాను ఎలా వ్యూహం పన్నిందీ అందరికీ చెప్పారు. మినిట్స్‌లో రాసుకున్నాను.

ఎనిమిదో రోజు నుంచి లారీలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. డెబ్బై మూడన్న మధ్యాహ్నం వచ్చాడు. మడమల దాకా ఎర్రమట్టి ఎండిపోయి ఉంది. అరుగు మీద కూర్చుని చెంబెడు నీళ్లు తాగాడు.

"ఏమప్పా, సమ్మె చేసినామంట గదా?"

"చేసినాం."

"గెల్చినామా?"

ఉత్తరం చదివి వినిపించాను. మళ్లీ చదవమన్నాడు. చదివాను. ఉత్తరం తీసుకుని, మడిచి నా చేతికిచ్చాడు.

"చేను సంగతేందన్నా?"

"కింది చేను పడింది. పై చేను నేను పోయేతలికే ఆరిపాయ. నా పెండ్లాము మన్ను పిడికిట పట్టి నా మొగం ముందర పెట్టింది. ముద్ద కాల్యా, పొడి పొడిగా రాలిపాయ." బీడీ తీశాడు, వెలిగించలేదు. "పొరపాటు మనదే లేప్పా. మీటింగు పెట్టకుండా ఒక దినం ముందే సమ్మె చేసింటే, పై చేను గూడా పడేది."

తర్వాత లేచి, రిజిస్టరు తెరిపించి, తన నంబరు ఆఖరున రాసేదాకా పక్కనే నిలబడ్డాడు.